‘విషజ్వరం’ అంటే ఏ జ్వరం?

వానలు ముదిరేసరికి జిల్లా ఎడిషన్లలో ఒక శీర్షిక తప్పకుండా కనిపిస్తుంది: ‘విషజ్వరాలతో మంచం పట్టిన తండా’. కేసముద్రం కావచ్చు, గూడూరు కావచ్చు, కొత్తగూడ కావచ్చు. ఊరి పేరు మారుతుంది, ఆ మాట మారదు. పక్కనే వాకిట్లో నులక మంచం, దుప్పటి ముసుగేసుకుని పడుకున్న మనిషి ఫొటో.

నేటి వైద్యంలో ఆ పేరుతో ఏ జబ్బూ లేదు. పత్రికల్లో మాత్రం మలేరియా, డెంగీ, చికున్‌గున్యా, టైఫాయిడ్, నాలుగు రోజుల్లో తగ్గిపోయే వైరల్ జ్వరం... అన్నీ విషజ్వరాలే. ఆయుర్వేదం చెప్పే విషమజ్వరం వేరు. వేళాపాళా లేకుండా, ఒక్కోసారి రోజు విడిచి రోజు వచ్చే జ్వరానికి ఆ పేరు.

ఈ జ్వరాలు ఒక్క తీరువి కావు. మలేరియాను మోసే అనాఫిలిస్ దోమ రాత్రిపూట కుడుతుంది. డెంగీని మోసే ఏడిస్ పగలు కుడుతుంది. అది పెరిగేది మురికి కాలువలో కాదు, ఇంట్లోని మంచినీళ్లలోనే. కూలర్ తొట్టిలోనో, మూతలేని డ్రమ్ములోనో తొంగి చూస్తే మెలికలు తిరుగుతూ పైకీ కిందికీ కదిలే సన్నటి పురుగులు కనిపిస్తాయి. వారం పది రోజుల్లో అవే దోమలవుతాయి. టైఫాయిడ్‌కు దోమతో పనే లేదు, అది కలుషితమైన నీరు, తిండి వల్ల వస్తుంది. చేనుగట్ల గడ్డిలో ఉండే నల్లిజాతి పురుగు పిల్ల కుడితే స్క్రబ్ టైఫస్. కుట్టినచోట చాలామందికి సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. డాక్టరు దాన్ని గుర్తుపడితే డాక్సీసైక్లిన్‌తో నయమవుతుంది. డెంగీ అనుమానం ఉన్నప్పుడు ఒళ్లునొప్పులకని ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ మింగితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది.

అన్నిటినీ ఒక్క మాటలో కట్టేస్తే, ఊరు ఫాగింగ్ యంత్రం కోసం ఎదురుచూస్తుంది. పగిలిన తాగునీటి పైపు అలాగే ఉండిపోతుంది.

తప్పంతా మండల విలేకరిదే అనలేం. రక్తపరీక్షల ఫలితాలు రాకముందే వార్త పంపాలి. తెలియని జబ్బును డెంగీ అని రాయడం కంటే విషజ్వరం అనడమే నయమనుకుంటాడు. అది నిజాయతీయే. కానీ ఫలితం వచ్చాక రెండో వార్త రావడం అరుదు.

2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛతో పడిపోయినప్పుడు పత్రికలు ‘వింత వ్యాధి’ అన్నాయి. తర్వాత ఎయిమ్స్ పరీక్షల్లో బాధితుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. పురుగుమందుల అవశేషాలపైనా నిపుణులు అనుమానం చెప్పారు. జనానికి గుర్తుండిపోయింది మాత్రం వింత వ్యాధే.

ఎన్నికల జ్వరం, క్రికెట్ జ్వరం, పరీక్షల జ్వరం అని రాస్తే ఎవరికీ నష్టం లేదు. పాఠకుడికి అర్థం తెలుసు. ఒంట్లో కాలే జ్వరం సంగతి అలా కాదు. మలేరియా క్రిమి దోమ కడుపులో ఉందని రోనాల్డ్ రాస్ కనిపెట్టింది 1897 ఆగస్టు 20న, సికింద్రాబాద్‌లోనే. ఏ జ్వరం ఎలా వస్తుందో విడదీసి చూసే విద్య మన నేలకు అంత పాతది.

2024 సెప్టెంబరు 1న ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింది కట్ట కొట్టుకుపోయేంత వరద వచ్చింది. అలాంటి నీళ్లు తీశాక ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే రక్తపరీక్ష చేయించండి, ఏ జ్వరమో పేరు అడిగి తెలుసుకోండి. విలేకరులు ఆ పేరునే రెండో వార్తగా రాయాలి.