ఆన్‌లైన్ అంగడికి పునాది పార్సిలే

ప్రేమ్ బజార్ (ఖరగ్‌పూర్): ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకొని ఉన్న పేట ప్రేమ్ బజార్. హిజ్లీ నిర్బంధ శిబిరపు పాత భవనంలో 1951లో ఆరంభమైన ఆ విద్యాసంస్థలో చదువుకున్న రాహుల్ జైమిని, విజయవాడకు చెందిన మాజేటి శ్రీహర్ష, నందన్ రెడ్డి కలసి 2014లో బెంగళూరులో నెలకొల్పిన స్విగ్గీ పదేళ్ల తరువాత 11,327 కోట్ల రూపాయల వాటాల జారీతో స్టాక్ మార్కెట్‌లో ప్రవేశించిన సంగతి విదితమే. అయితే ఆ సంస్థకు ముందు మరో ప్రయత్నం జరిగి విఫలమైన విషయం అంతగా ప్రచారంలోకి రాలేదు. ఇంటర్నెట్‌లో సరకు అమ్మదలచినవారు ఆ గెలుపుకంటె ఈ వైఫల్యాన్ని పరిశీలించడం ఎక్కువ ప్రయోజనకరం.

పిలానీ బిట్స్ పూర్వ విద్యార్థులైన శ్రీహర్ష, నందన్ రెడ్డి 2013లో 'బండిల్' అనే సంస్థను స్థాపించారు. ఆన్‌లైన్‌లో అమ్ముకునే చిన్న వర్తకులకు కొరియర్, రవాణా సదుపాయాలను సమకూర్చడం దాని ఉద్దేశం. ఆలోచన సరైనదే, నిజమైన ఇబ్బంది ఉన్నచోటనే వారు చేయి పెట్టారు. కాని ఏడాది తిరిగేసరికి ఆ పని విరమించవలసి వచ్చింది. అప్పటికి మింత్రా సంస్థలో పనిచేసివున్న జైమినిని కలుపుకొని, భోజనం పొట్లాలను ఇంటింటికీ చేర్చే వ్యాపారానికి మళ్లారు. కంపెనీ చట్టపరమైన పేరు మాత్రం 2024 దాకా బండిల్ టెక్నాలజీస్ గానే మిగిలింది. హోటలు నుంచి ఇంటికి నాలుగైదు కిలోమీటర్ల దూరాన్ని తమ మనుషులతో, తమ అదుపులో నడపగలిగారు. ఊరి నుంచి ఊరికి పార్సిలు పంపే చిన్న వర్తకుడి సమస్య మాత్రం అలాగే ఉండిపోయింది.

ఈ సమస్య తెలుగు నేలకు కొత్తది కాదు. ఢిల్లీ ఐఐటీలో చదివిన సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్ 2007 అక్టోబరులో ఫ్లిప్‌కార్ట్‌ను పుస్తకాల దుకాణంగా తెరచినప్పుడు మొట్టమొదటి కొనుగోలుదారు మహబూబ్‌నగర్ వాసి. ఆయన కోరినది జాన్ వుడ్ రచించిన ఆంగ్ల గ్రంథం. దుకాణం తెరపై ఆ పుస్తకం ఉంది గాని, చేతిలో లేదు. యజమానులే బెంగళూరు పుస్తకాల షాపుల్లో గాలించి, సంపాదించి పంపవలసి వచ్చింది. ఎవరో ఎరుగని ఇద్దరు కుర్రాళ్లను నమ్మి పాలమూరు నుంచి ఒకరు ఆర్డరు ఇవ్వడం ఆనాటికి చిన్న సాహసం కాదు. ఆ నమ్మకాన్ని దేశమంతటా విస్తరింపజేసిన ఉపాయం 2010లో ఫ్లిప్‌కార్ట్ ప్రవేశపెట్టిన విధానం: సరకు గుమ్మంలోకి వచ్చాకే డబ్బు చెల్లించడం. క్రెడిట్ కార్డు లేని ఇంటికి తలుపు తెరిచింది అదే. 2018లో వాల్‌మార్ట్ 1,600 కోట్ల డాలర్లకు సుమారు 77 శాతం వాటాను కొనుగోలు చేసింది ఈ సంస్థలోనే.

ముందు వచ్చినవారే గెలుస్తారన్న నమ్మకానికి ఆధారం లేదు. 1999లోనే బెంగళూరులో ఫాబ్‌మార్ట్ మొదలైంది. దాని కిరాణా దుకాణాల శాఖ హైదరాబాదుకు చెందిన త్రినేత్రతో కలసి, 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు పరమైంది. ఇంటర్నెట్ శాఖ ఇండియాప్లాజా పేరుతో కొనసాగి 2013లో మూతపడింది. ఫాబ్‌మార్ట్ వ్యవస్థాపకుల్లో కొందరే 2011లో బిగ్‌బాస్కెట్‌ను ఆరంభించి కూరగాయలను, కిరాణాను గిడ్డంగుల బలంతో అమ్మారు. 2021లో టాటాలు అందులో అత్యధిక వాటాను తీసుకున్నారు.

ఇక ప్రేమ్ బజార్ సంగతి. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఖరగ్‌పూర్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. అటువంటి ఇంటి ఇల్లాలు ఒకరు ఆవకాయ, వడియాలు ఇంటర్నెట్ ద్వారా అమ్మదలచారనుకుందాం. వెబ్‌సైటు తయారు చేసుకోవడం నేడు గొప్ప విషయం కాదు. 2016లో వచ్చిన యూపీఐ మూలంగా డబ్బు రాబట్టుకోవడమూ కష్టం కాదు. చిక్కులు ఆ తరువాతనే. ఆహార పదార్థం కనుక ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వద్ద నమోదు తప్పదు. వీధి చివర దుకాణంలో అమ్మితే నిర్ణీత టర్నోవరు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కరలేదు. అదే ఆవకాయ సీసా విశాఖపట్నానికి పంపితే అది అంతర్రాష్ట్ర విక్రయం. మొదటి సీసా నుంచే నమోదు తప్పనిసరి. ఖరగ్‌పూర్ తెలుగువారి సరకుకు సహజమైన మార్కెట్ రాష్ట్రం దాటితేనే ఉంది కాబట్టి, ఈ నిబంధన వారికి మరింత భారం.

వడియాల విషయంలో మరో తిరకాసు ఉంది. కొరియర్ సంస్థలు అసలు బరువుకు, పెట్టె పరిమాణాన్ని బట్టి కట్టిన బరువుకు ఏది ఎక్కువైతే దానికి రుసుము వసూలు చేస్తాయి. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించడం పెక్కు సంస్థల పద్ధతి. 40, 30, 30 సెంటీమీటర్ల అట్టపెట్టెలో రెండు కిలోల వడియాలు పెడితే లెక్కకు వచ్చే బరువు 7.2 కిలోలు. వడియాలు నలగకుండా పెట్టెను పెద్దది చేసిన కొద్దీ లాభం కరిగిపోతుంది.

తిరిగివచ్చే పార్సిళ్లు ఇంకా ప్రమాదకరం. ఒక్కో పార్సిలుపై ఖర్చులన్నీ పోను 60 రూపాయలు మిగులుతుందనీ, రవాణాకు 80 రూపాయలు అవుతుందనీ అనుకుంటే, కొనుగోలుదారు గుమ్మంలో వద్దన్న ఒక్క పార్సిలు పోనూ రానూ 160 రూపాయలు మింగుతుంది. దాదాపు మూడు మంచి అమ్మకాల లాభం అది. సీసా పగిలితే సరకూ పోయినట్లే. 2010లో నమ్మకాన్ని పెంచిన విధానమే చిన్న వర్తకుని పాలిట ఉచ్చుగా మారగలదన్న మాట.

ఈ బాధ తప్పించుకోవడానికి పెద్ద వేదికలపై అమ్మేవారు ఎక్కువ. గిడ్డంగి, బట్వాడా వారే చూస్తారు. ప్రతిగా కమీషను తీసుకుంటారు. 2023 అక్టోబరు 1 నుంచి, సొంత రాష్ట్రంలోనే ఇటువంటి వేదికల ద్వారా అమ్మే చిన్న వర్తకులకు జీఎస్టీ నమోదు నుంచి షరతులతో మినహాయింపు లభించింది. అయితే కొనుగోలుదారు ఎవరో, మళ్లీ ఎప్పుడు కొంటారో వేదికకు తెలిసినంతగా అమ్మకందారుకు తెలియదు. రేపు కమీషను పెరిగితే ఖాతాదారులను వెంటబెట్టుకొని బయటకు రావడం సాధ్యం కాదు. ఈ గుత్తాధిపత్యానికి ప్రత్యామ్నాయంగా ప్రభుత్వ ప్రోత్సాహంతో 2021 చివర కంపెనీగా ఏర్పడిన ఓఎన్‌డీసీ 2022 ఏప్రిల్‌లో బెంగళూరు సహా అయిదు నగరాల్లో ప్రయోగాత్మకంగా మొదలైంది. ఆ దారిలోనూ పార్సిలు కట్టవలసింది, పగలకుండా చేర్చవలసింది ఎవరో ఒకరు ఉండాలి.

పెద్ద సంస్థలకూ ఈ ఖర్చు తేలికైనది కాదని స్విగ్గీ పద్దులే చెబుతున్నాయి. 2020లో ఇన్‌స్టామార్ట్ పేరుతో కిరాణా బట్వాడాలోకీ దిగిన ఆ సంస్థ 2023-24లో 2,350 కోట్ల రూపాయలు, 2024-25లో 3,117 కోట్ల రూపాయలు నష్టపోయింది. ఆ నష్టాన్ని భరించేందుకు మదుపుదారులున్నారు. ఆవకాయ అమ్మే ఇల్లాలు మాత్రం మొదటి నెల నుంచే పార్సిలు ఖర్చును ధరలో కలుపుకొని, డబ్బు ముందుగా చెల్లించే పాత పరిచయస్తులకే సీసాలు పంపవలసి ఉంటుంది.