దుకాణానికీ ఓ పుట.. ఆధారముంటేనే చోటు

విజ్ఞాన సర్వస్వంలో చిల్లర వర్తక చరిత్ర.. స్వచ్ఛంద రచయితల ఉమ్మడి కృషి

ఊరి బజారులో మూడు తరాల పాటు నడిచిన దుకాణం ఒకనాడు మూతపడుతుంది. నామఫలకం దించేస్తారు. కొన్నేళ్లకు ఆ స్థలంలో మరో భవనం లేస్తుంది. ఆ దుకాణాన్ని ఎవరు పెట్టారు, ఏ సంవత్సరంలో పెట్టారు, ఎందుకు మూసివేశారు అని తర్వాతి తరం అడిగితే చూపేందుకు కాగితం ముక్క ఉండదు. చిన్న పట్టణాలకే కాదు, మహానగరాల్లోని పెద్ద పెద్ద వర్తక సంస్థలకూ ఇదే పరిస్థితి ఎదురవుతోంది. ఈ లోటును కొంతమేరకైనా పూడ్చే ప్రయత్నం అంతర్జాల విజ్ఞాన సర్వస్వమైన వికీపీడియాలో సాగుతోంది. జీతభత్యాలు ఆశించని స్వచ్ఛంద రచయితలు కలిసి దుకాణాల, సూపర్ మార్కెట్ల, చైన్ స్టోర్ల చరిత్రను నమోదు చేస్తున్నారు. అయితే ఇందులో చోటు దక్కాలంటే దుకాణం పాతదైతే చాలదు, పెద్దదైనా చాలదు. దానితో ఏ సంబంధమూ లేనివారు దాని గురించి రాసి ఉండాలి. జిల్లాల్లోని వర్తకులు, పాఠకులు ముఖ్యంగా తెలుసుకోవాల్సిన నిబంధన ఇదే.

ప్రాజెక్టు అంటే..

వికీపీడియా 2001 జనవరి 15న ఆంగ్లంలో మొదలైంది. ఎవరైనా రాయవచ్చు, ఎవరైనా దిద్దవచ్చు అన్నది దాని మూల సూత్రం. వ్యాసాలు లక్షల్లోకి చేరేసరికి ఒక్కో రంగంపై ఆసక్తి ఉన్నవారు బృందాలుగా ఏర్పడడం అవసరమైంది. ఇలాంటి బృందాన్ని వికీప్రాజెక్టు అంటారు. ఆంగ్ల వికీపీడియాలో చిల్లర వర్తకానికి 'వికీప్రాజెక్టు రిటైలింగ్' ఉంది. షాపింగ్ కేంద్రాలకు, కంపెనీలకు, బ్రాండ్లకు వేర్వేరు ప్రాజెక్టులు ఉన్నాయి. వీటికి కార్యాలయం లేదు, అధ్యక్షుడు లేడు, సభ్యత్వ రుసుము లేదు. ఒక ఉమ్మడి పేజీ, దానికి అనుబంధంగా చర్చా పేజీ మాత్రమే ఉంటాయి. ఏ వ్యాసం అసంపూర్ణంగా ఉంది, దేనికి మూలాలు లేవు, దేన్ని తొలగించాలని ప్రతిపాదన వచ్చింది అన్న వివరాలను సభ్యులు అక్కడ చూసుకుని పని పంచుకుంటారు. ఒకరు అమెరికాలో, మరొకరు బ్రిటన్‌లో, ఇంకొకరు భారత్‌లో ఉండి ఒకే వ్యాసాన్ని తీర్చిదిద్దడం ఇక్కడ మామూలే. నలుగురు చురుకైన సభ్యులు పక్కకు తప్పుకుంటే ప్రాజెక్టు స్తబ్ధంగా మారిపోవడమూ అంతే మామూలు.

పని సాగే తీరు

ప్రాజెక్టు పరిధిలోకి వచ్చే ప్రతి వ్యాసపు చర్చా పేజీలో ఒక పట్టీ ఉంచుతారు. వ్యాసం నాణ్యత ఎంత, విషయం ప్రాధాన్యం ఎంత అన్న రెండు అంచనాలు అందులో ఉంటాయి. రెండు మూడు వాక్యాలతో ఆగిపోయిన వ్యాసాన్ని తెలుగు వికీపీడియాలో 'మొలక' అంటారు. అక్కడి నుంచి మెట్టు మెట్టుగా మంచి వ్యాసం, విశేష వ్యాసం స్థాయికి తీసుకువెళ్లడం సభ్యుల లక్ష్యం. వ్యాసం పక్కన కనిపించే పెట్టెలో స్థాపించిన సంవత్సరం, స్థాపకుడు, ప్రధాన కార్యాలయం, దుకాణాల సంఖ్య, మూతపడి ఉంటే ఆ సంవత్సరం పొందుపరుస్తారు. దుకాణాల సంఖ్య ఏటా మారుతుంది కనుక 'ఫలానా సంవత్సరం నాటికి' అని తప్పనిసరిగా రాయాలని అనుభవజ్ఞులు కొత్తవారికి సూచిస్తారు. ధరలు, తగ్గింపు ప్రకటనలు, ఫోన్ నంబర్లకు అక్కడ తావు లేదు. విజ్ఞాన సర్వస్వం టెలిఫోన్ డైరెక్టరీ కాదన్నది నియమం.

ఒకటే పేరు.. నాలుగు సంస్థలు

ఉమ్మడి కృషి ఎందుకు అవసరమో 'వూల్‌వర్త్' పేరు చూస్తే తెలుస్తుంది. ఫ్రాంక్ వూల్‌వర్త్ 1879లో అమెరికాలో ఐదు సెంట్ల వస్తువుల దుకాణం తెరిచారు. అది మహా సంస్థగా ఎదిగింది. ఆ పేరుతో అమెరికాలో మిగిలి ఉన్న దుకాణాల మూసివేతను 1997లో ప్రకటించారు. మాతృసంస్థ పేర్లు మార్చుకుంటూ 2001లో ఫుట్ లాకర్ అయింది. అమెరికా సంస్థకు శాఖగా 1909లో లివర్‌పూల్‌లో మొదలైన బ్రిటన్ వూల్‌వర్త్స్ తర్వాత విడిపోయి స్వతంత్రంగా నడిచింది. 2009 జనవరి 6 నాటికి దాని దుకాణాలన్నీ మూతపడ్డాయి. అప్పటికి వాటి సంఖ్య 800 పైచిలుకు. ఇక 1924లో సిడ్నీలో మొదలైన ఆస్ట్రేలియా వూల్‌వర్త్స్‌కు, 1931లో కేప్‌టౌన్‌లో మొదలైన దక్షిణాఫ్రికా వూల్‌వర్త్స్‌కు అమెరికా సంస్థతో యాజమాన్య సంబంధమే లేదు. పేరు మాత్రమే ఒకటి. ఒక దేశపు వార్తను మరో దేశపు సంస్థకు అంటగట్టకుండా చూడాలంటే నాలుగు దేశాల సంగతి తెలిసినవారు చేయి కలపాల్సిందే. ఇలా ఒకే పేరున్న విషయాలను వేరుచేసి చూపే పేజీని తెలుగు వికీపీడియాలో 'అయోమయ నివృత్తి' పేజీ అంటారు.

మూతపడితే పని పెరుగుతుంది

దుకాణం మూతపడితే యజమానికి పని ముగుస్తుంది. స్వచ్ఛంద రచయితలకు అక్కడే మొదలవుతుంది. 'ఉంది' అన్న ప్రతిచోటా 'ఉండేది' అని మార్చాలి. మూసివేతకు కారణాలు ఆధారాలతో చేర్చాలి. సంస్థ వెబ్‌సైటు మాయమయ్యేలోగా అందులోని సమాచారాన్ని భద్రపరచాలి. మన దేశంలోనూ ఇందుకు ఉదాహరణలు ఉన్నాయి. 1997లో చెన్నైలో ప్రారంభమైన సుభిక్ష దేశవ్యాప్తంగా దాదాపు 1,600 దుకాణాలకు విస్తరించి, నగదు కొరతతో 2009లో కుప్పకూలింది. 2001లో మొదలైన బిగ్ బజార్ ఇరవై ఏళ్లకు అప్పుల్లో చిక్కుకుంది. 2022 ఫిబ్రవరిలో దాని దుకాణాల్లో అనేకాన్ని రిలయన్స్ స్వాధీనం చేసుకుంది. తెలుగువారికి బాగా పరిచయమైన త్రినేత్ర మరో ఉదాహరణ. హైదరాబాద్ కేంద్రంగా ఎదిగిన ఈ సూపర్ మార్కెట్లను 2007లో ఆదిత్య బిర్లా గ్రూపు కొనుగోలు చేసింది. అనంతరం అవి 'మోర్' పేరుతో నడిచాయి. త్రినేత్ర సంచితో సరకులు తెచ్చుకున్నవారు ఇప్పటికీ ఉన్నారు గానీ ఆ పేరు ఎలా కనుమరుగైందో చెప్పగలిగినవారు తక్కువే. చరిత్ర చేజారేది ఇలాంటి మలుపుల్లోనే.

చోటు దేనికి.. ఎందుకు?

ఏ దుకాణానికి వ్యాసం ఉండాలన్నది అభిమానంతో తేలే విషయం కాదు. స్వతంత్రమైన, నమ్మదగిన, ఒకటికి మించిన ప్రచురిత మూలాల్లో ఆ సంస్థ గురించి చెప్పుకోదగినంత వివరంగా ఉండాలి. దీన్ని తెలుగు వికీపీడియాలో 'విషయ ప్రాముఖ్యత' అంటారు. సంస్థ సొంత వెబ్‌సైటు, కరపత్రం, డబ్బు చెల్లించి వేయించుకున్న ప్రకటన, యజమాని ఇచ్చిన పత్రికా ప్రకటనను యథాతథంగా వేసిన వార్త ఈ లెక్కలోకి రావు. కొత్త శాఖ ప్రారంభమైందన్న నాలుగు వాక్యాల వార్తా చాలదు. దేశమంతటా శాఖలున్న సంస్థకు వ్యాసం ఉండవచ్చు. అంతమాత్రాన మన పట్టణంలోని దాని శాఖకు విడిగా వ్యాసం ఉండదు.

ప్రాముఖ్యతపై సందేహం వస్తే ఆంగ్ల వికీపీడియాలో తొలగింపు చర్చ పెడతారు. అది సాధారణంగా ఏడు రోజులు సాగుతుంది. ఎంతమంది వద్దన్నారు, ఎంతమంది ఉంచాలన్నారు అన్న లెక్కతో కాక ఎవరు చూపిన ఆధారం బలమైనదో చూసి నిర్ణయం తీసుకుంటారు. ప్రాజెక్టు సభ్యులు రంగంలోకి దిగేది ఇక్కడే. పాత పత్రికలు, వాణిజ్య మాసపత్రికలు, గ్రంథాలయాల్లోని పుస్తకాలు గాలించి ఆధారాలు దొరికితే వ్యాసాన్ని నిలబెడతారు. దొరకకపోతే తొలగింపునకు తామే సమ్మతిస్తారు. 'మా తాతగారు చెప్పారు' అన్నది ఎంత నిజమైనా అక్కడ చెల్లదు. ఎక్కడా అచ్చుకాని సమాచారాన్ని వికీపీడియా స్వీకరించదు.

ఈ నియమంలో ఒక ఇబ్బందీ లేకపోలేదు. పత్రికలు పుష్కలంగా ఉన్న నగరాల్లోని దుకాణానికి ఆధారాలు సులువుగా దొరుకుతాయి. విలేకరి దృష్టి పడని మారుమూల ఊళ్లోని దుకాణం ఎంత సేవ చేసినా లెక్కలోకి రాదు. నియమాన్ని సడలిస్తే మాత్రం విజ్ఞాన సర్వస్వం ప్రకటనల పుటగా మారుతుంది. ఈ రెండింటి మధ్య సమతూకం పాటించడమే స్వచ్ఛంద రచయితలకు నిత్య పరీక్ష.

సొమ్ము అడిగితే జాగ్రత్త

వికీపీడియాలో పేజీ ఉంటే వ్యాపారానికి మంచి పేరు వస్తుందన్న ఆశను కొందరు సొమ్ము చేసుకుంటున్నారు. 2015 ఆగస్టులో ఆంగ్ల వికీపీడియాలో ఇలాంటి ముఠా ఒకటి బయటపడింది. తిరస్కారానికి గురైన చిత్తుప్రతులను గమనించి, ఆ చిన్న వ్యాపారులను సంప్రదించి, డబ్బిస్తే పేజీ ప్రచురిస్తామని, తర్వాత అది తొలగిపోకుండా కాపాడతామని వీరు వసూళ్లకు పాల్పడ్డారు. పరిశీలన అనంతరం 381 ఖాతాలను నిషేధించారు. 210 వ్యాసాలను తొలగించారు. డబ్బు పోగొట్టుకున్నది వ్యాపారులే.

ప్రతిఫలం తీసుకుని రాసేవారు ఆ సంగతిని బహిరంగంగా వెల్లడించాలన్న నిబంధన 2014 జూన్ నుంచి అమల్లో ఉంది. వికీపీడియాను నిర్వహించే వికీమీడియా ఫౌండేషన్ లాభాపేక్ష లేని సంస్థ. పేజీ పెట్టడానికి అది రుసుము వసూలు చేయదు. పేజీ శాశ్వతంగా ఉంటుందని హామీ ఇచ్చే అధికారం ఎవరికీ లేదు. యజమాని తన దుకాణం గురించి తానే రాసుకోవడాన్నీ నిరుత్సాహపరుస్తారు. తప్పు కనిపిస్తే చర్చా పేజీలో ఆధారం చూపి సవరించమని కోరవచ్చు. 'అగ్రగామి', 'సుప్రసిద్ధ', 'ప్రజల మనసు దోచిన' వంటి పొగడ్తలను కొట్టివేసి సంవత్సరాలు, సంఖ్యలు, సంఘటనలు మాత్రమే మిగల్చడం సభ్యుల నిత్యకృత్యాల్లో ఒకటి.

తెలుగులో ఇలా..

తెలుగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలైంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ గ్రామాలపై స్వచ్ఛంద రచయితలు వేల సంఖ్యలో వ్యాసాలు రాశారు. 2011 జనాభా లెక్కల సమాచారంతో విస్తరించిన వ్యాసాల్లో గ్రామంలో పౌర సరఫరాల కేంద్రం ఉందా, వారపు సంత ఎంత దూరంలో జరుగుతుంది అన్న వివరాలు ఉంటాయి. ఊరి వర్తకానికి విజ్ఞాన సర్వస్వంలో దక్కిన తొలి చోటు ఇదేననుకోవచ్చు. విడిగా వ్యాసానికి అర్హత లేని దుకాణం గురించి ఆధారం ఉంటే ఊరి వ్యాసంలో ఒక వాక్యంగా చేర్చవచ్చు.

ప్రభుత్వ, సహకార రంగాల వర్తకానికి ఆధారాలు మెరుగ్గా ఉంటాయి. విశాఖపట్నం కేంద్రంగా 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థనే తీసుకుంటే, గిరిజనుల నుంచి అటవీ ఉత్పత్తులు కొనుగోలు చేయడంతో పాటు డి.ఆర్. డిపోల ద్వారా వారికి నిత్యావసరాలు విక్రయించిన చరిత్ర దానికి ఉంది. ఇలాంటి సంస్థలపై ప్రభుత్వ నివేదికలు, పత్రికా కథనాలు, పరిశోధనలు అందుబాటులో ఉంటాయి. ప్రైవేటు దుకాణాలకు ఆ వెసులుబాటు లేదు. వాటికి దిక్కు పత్రికలే.

అక్కడే మరో చిక్కు ఉంది. 2000ల తొలి సంవత్సరాల్లో తెలుగు పత్రికల వెబ్‌సైట్లు చాలావరకు ఒక్కోటి సొంత ఫాంటు వాడేవి. యూనికోడ్ కాకపోవడంతో ఆ వార్తలు తెలుగులో వెతికితే దొరికేవి కావు. తర్వాత వెబ్‌సైట్ల రూపురేఖలు మారినప్పుడు పాత లంకెలు ఎన్నో పనిచేయకుండా పోయాయి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల నకళ్లు దొరికినవి దొరకగా, మిగిలినవాటికి అచ్చు ప్రతులే శరణ్యం. అచ్చు ప్రతిని మూలంగా చూపడానికి అభ్యంతరం లేదు. మూలం అంతర్జాలంలోనే ఉండాలన్న నియమం వికీపీడియాలో లేదు.

పాఠకులు చేయదగినవి

పాత దుకాణాల ముఖద్వారాలను, నామఫలకాలను స్వయంగా ఫొటో తీసినవారు వాటిని స్వేచ్ఛా అనుమతితో వికీమీడియా కామన్స్‌లో చేర్చవచ్చు. ఇతరులు తీసిన ఫొటోలను మాత్రం వారి అనుమతి లేకుండా చేర్చరాదు. వర్తక సంఘాలు తమ స్వర్ణోత్సవ, రజతోత్సవ సంచికలను జిల్లా గ్రంథాలయానికి అందజేస్తే పరిశోధకులకు అవి అందుబాటులో ఉంటాయి. అందులో సంఘం తన గురించి చెప్పుకున్నది ప్రాముఖ్యతకు రుజువు కాకపోయినా సంవత్సరాలు, పేర్లు సరిచూసుకోవడానికి ఉపకరిస్తుంది. చదువుకున్న యువత తమ ఊరి వ్యాసాన్ని తెరిచి, ఆధారమున్న ఒక్క వాక్యం చేర్చడంతో పని మొదలుపెట్టవచ్చు. సందేహాలుంటే 'రచ్చబండ' పేజీలో అడిగితే అనుభవజ్ఞులు సమాధానమిస్తారు.

ఇళ్లల్లో, దుకాణాల్లో దాచుకున్న పత్రికా కత్తిరింపుల విషయంలో ఒక చిన్న జాగ్రత్త పాటించాలి. చాలామంది వార్తను మాత్రం కత్తిరించి అట్టకు అంటించి ఉంచుతారు. పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య లేకపోతే అది ఎంత పాతదైనా మూలంగా నిలబడదు. అంటించే ముందు ఆ మూడింటినీ అంచున రాసి పెట్టుకుంటే, దుకాణం మూతపడిన ఎన్నేళ్లకైనా అది ఆధారంగా పనికివస్తుంది.