బొమ్మల పుస్తకములందలి వీరునకు శత్రువు లెవ్వరు?

ఆదివారమునాడు ఉస్మాన్‌గంజ్ నుండి మొజంజాహి మార్కెట్టు మీదుగా ఆబిడ్సునకు బోవువారికి కాలిబాటపై పఱచిన పాతపుస్తకముల గుట్టలు కనబడును. వానిలో రంగు వెలసిన బొమ్మల పుస్తకములు గూడ నప్పుడప్పుడు దొరకుచుండును. ముసుగు వీరులను జూచి పెద్దలు పెదవి విఱుతురు. నేనును జాలకాల మట్లే చేసితిని. కాని వీరుని బలమును విడిచి, అత డెవరిపై చేయిచేసికొనెనో చూచినచో, ఆ పుస్తకము నాటి లోకవృత్తమును జక్కగా దెలుపును.

సూపర్‌మాన్ 1938లో అమెరికాయందు వెలువడెను. అతనిని సృష్టించిన జెర్రీ సీగెల్, జో షూస్టరులు యూదు వలసకుటుంబముల బిడ్డలు. ఆర్థికమాంద్యపు కష్టము లింకను దీరని దినము లవి. తొలిసంచికలలో నాతని శత్రువు లన్యగ్రహవాసులు గారు. మొదటి కథలోనే భార్యను గొట్టు మగని దండించెను. శాసనసభ్యుని లోబఱచుకొను దళారిని వణకించెను. పిమ్మట నొక గని యజమానిని, అతని యతిథులతోగూడ, ఆ గనిలోనే చిక్కుపడజేసి కూలివాని ప్రాణభయ మెట్టిదో చూపెను. వేఱొక కథలో మురికివాడను దానే కూల్చివేయగా, ప్రభుత్వము విధిలేక క్రొత్తయిండ్లు గట్టించెను.

ఆ 1938లోనే మన గూడవల్లి రామబ్రహ్మముగారు 'మాలపిల్ల' చిత్రమున నస్పృశ్యతను నిరసించిరి. మఱుసటియేట 'రైతుబిడ్డ'లో జమీందారీ దౌష్ట్యమును జూపగా జమీందారులు మండిపడిరి. చిత్రము నిషేధమునకు గుఱియయ్యెను. మన నాయకుని కెగురుట రాదు గాని, అతని శత్రువును బ్రేక్షకు లెల్లరు నెఱుగుదురు. భూవసతిగల చదువరులు నన్ను మన్నింతురు గాక!

అమెరికాలో నిర్బంధము వేఱు తీరున వచ్చెను. పోలీసులపై, న్యాయమూర్తులపై, ప్రభుత్వాధికారులపై నగౌరవము గలుగునట్లు చిత్రింపరాదని 1954లో బ్రచురణకర్తలే తమకు దాము నియమావళి విధించుకొనిరి. నాటి దళారి యిక నిర్భయముగా నిద్రించి యుండును.

ఇక మనదేశపు 'ఇంద్రజాల్' సంచికల సంగతి. 1964లో నివి బొంబాయినుండి వెలువడ నారంభించెను. ఆదినాయకుడు ఫాంటమ్. అడవిజాతుల నెల్ల నొక తెల్లదొర వంశము తరతరములుగా రక్షించునట! 1936 నాటి యీ కల్పనలో సామ్రాజ్యమునకు నీతి గల్పించు బుద్ధి దాగియున్నది. మనవారు కథలోని దేశము పేరును, బంగాళమను భ్రాంతి గలుగకుండ, 'డెంకాలి' యని మార్చిరి. దొరను మాత్రము మార్చలేదు. స్వరాజ్యము వచ్చిన పదునేడేండ్లకు మన బాలు రా దొర పుఱ్ఱెల సింహాసనమును గన్నులార్పక చూచిరి.

ఆ సంచికలలోనే 1976లో ఆబిద్ సూర్తీ సృష్టించిన బహదూరు వచ్చెను. బందిపోటు కొడుకయ్యును గ్రామస్థులను గూడగట్టి బందిపోట్ల నెదిర్చినవాడు. ముసుగు లేదు. కుర్తాయు జీన్సును దొడిగి తిరుగువాడు.