భయంలేదు బాబూ!

కాలువలకు కొత్తనీరు వదిలిన రోజులు. నాకు అప్పుడు తొమ్మిదేళ్ళు. రేవు మెట్ల మీద కూర్చుని కాళ్ళాడిస్తున్నవాణ్ణి, పాచికి జారి నీళ్ళలో పడ్డాను. గట్టుమీద పదిమంది వున్నారు. పదిమందీ "అయ్యో, అయ్యో!" అన్నారు. దూకినవాడు మాత్రం ఒక్కడే. ఆవలి రేవులో గేదెలను కడుగుతున్న పాలేరు.

అతను అందగానే నేను చేసిన ఘనకార్యం, అతని మెడకు చుట్టుకుపోవటం. ఇద్దరం కలిసి రెండుసార్లు మునిగాం. చివరకు జుట్టు పట్టుకొని నన్ను విడదీసి ఒడ్డుకు చేర్చాడు. రాయి తగిలి అతని మోకాలు చీలింది. నీళ్ళలో అతనన్న మాట ఒక్కటే నాకు జ్ఞాపకం: "భయంలేదు బాబూ, భయంలేదు!"

మా నాన్నగారు అతనికి కడుపునిండా భోజనం పెట్టించి, పంచెల చాపు ఇచ్చి పంపారు. దానితో రుణం తీరిందనుకొన్నాం.

ఇదంతా మళ్ళీ ఎందుకు జ్ఞాపకం వచ్చిందంటే, ఆ మధ్య మా విద్యార్థి ఒకడు "జీవన్ రక్షా పదక్ అంటే ఏమిటండీ మాస్టారూ?" అని అడిగాడు. తెలియదనటానికి నామోషీవేసి, రేపు చెబుతానన్నాను. ఆ రాత్రి కూర్చుని చదివాను.

యుద్ధంలో పరాక్రమానికి పతకాలుంటాయని అందరికీ తెలుసు. సాటిమనిషి ప్రాణం కాపాడినవారికి కూడా మన ప్రభుత్వం 1961లో పతకాలు ఏర్పరచింది. నీట మునిగేవారిని, మంటల్లో చిక్కినవారిని, కరెంటు తగిలినవారిని, గనుల్లో ఇరుక్కున్నవారిని రక్షించినవారికి ఇవి ఇస్తారు. రక్షించినవారు ఎదుర్కొన్న అపాయాన్నిబట్టి సర్వోత్తమ జీవన్ రక్షా పదక్, ఉత్తమ జీవన్ రక్షా పదక్, జీవన్ రక్షా పదక్ అని మూడు తరగతులు. ఆడా మగా భేదం లేదు. చదువూ హోదా అక్కరలేదు. సైనికులు, పోలీసులు, అగ్నిమాపక దళంవారు తమ ఉద్యోగధర్మంగా చేసినదానికి మాత్రం ఇవ్వరు. జాబితాలో కొన్ని పేర్ల పక్కన 'మరణానంతరం' అని వుంటుంది. ఆ ఒక్క మాట వెనుక ఒక ఇల్లు వున్నదని వేరే చెప్పాలా?

పతకం నడుమ అభయముద్ర పట్టిన చెయ్యి. దానిపైన 'మా భైషీః' అన్న సంస్కృతం. భాష చెప్పి బ్రతికేవాణ్ణి గనుక అక్కడే ఆగిపోయాను. 'భయపడకు' అని అర్థం. ఏకవచనం. అది వీరుణ్ణి పొగిడే మాట కాదు. మునిగిపోతున్నవాడి చెవిన పడవలసిన మాట. మా పాలేరు సంస్కృతం చదువుకోలేదు. అదే మాట తెలుగులో అన్నాడు.

1957 అక్టోబరు 2న ఢిల్లీ రాంలీలా మైదానంలో షామియానాకు నిప్పంటుకొన్నది. 14 ఏళ్ళ స్కౌటు హరీశ్‌చంద్ర కత్తితో గుడ్డ చీల్చి జనానికి దారిచేశాడు. అక్కడే వున్న నెహ్రూగారు కళ్ళారా చూశారు. ఫలితంగా పిల్లల సాహసానికి బహుమతులు ఆ యేడే పుట్టాయి. మరి మా రేవులో చూసిందెవరు? మేమే. చూసినవాళ్ళు చెప్పకపోతే పైవాళ్ళకు తెలిసేదెలా? ఈ పతకాలకు సిఫార్సు జిల్లా నుంచి రాష్ట్ర ప్రభుత్వానికి, అక్కడినుంచి ఢిల్లీకి వెళ్ళాలి. అదీ, సంఘటన జరిగిన రెండేళ్ళలోపు.

నా సంగతి జరిగి 35 ఏళ్ళు దాటింది. అతని పేరేమిటని అమ్మను అడిగాను. "గేదెల అబ్బాయి అనేవాళ్ళం గదరా!" అన్నది. ఇంతకు మించి ఎవ్వరికీ తెలియదు. అతనివల్ల నాకు పెళ్ళయింది, పిల్లలు కలిగారు, నాలుగక్షరాలు చెప్పే ఉద్యోగం దొరికింది. పేరు మాత్రం అడగలేకపోయాను.

మరునాడు ఆ విద్యార్థికి అంతా చెప్పి, "ఎందుకడిగావోయ్?" అన్నాను. కిందటి వానాకాలం వాళ్ళ వీధిలో కూరలమ్మే ఆవిడ చెరువులో పడ్డ ఇద్దరు పిల్లల్ని పైకి లాగిందట. "ఎలా వ్రాయాలో మాకు తెలియదండీ" అన్నాడు.

ఇద్దరం కూర్చున్నాం. తేదీ, చోటు, నీటి లోతు, కళ్ళారా చూసినవారి సంతకాలు, అన్నీ సమకూర్చి కలెక్టరుగారికి అర్జీ తయారుచేశాం. పతకం వస్తుందో రాదో నేను చెప్పలేను. మొదటి పంక్తిలో ఆవిడ పేరు మాత్రం, ఇంటిపేరుతో సహా, పూర్తిగా వ్రాయించాను.