చెప్పుకున్న మాట గడప దాటకూడదు

కౌన్సెలింగ్‌లో, సేవా వృత్తుల్లో గోప్యత మొదటి నియమం. ఆశా కార్యకర్త ఏ ఇంటి ముందు ఆగిందో వీధంతా గమనించే బాపట్ల జిల్లా కొల్లూరు వంటి ఊళ్లలో ఇది మరీ ముఖ్యం. పరీక్ష ఫలితమో, మాత్రల పేరో అరుగు మీద పలికితే చాలు, కుదిరిన సంబంధం తప్పిపోవచ్చు; రోగి మళ్లీ ఆసుపత్రి మెట్లెక్కకపోవచ్చు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 23వ సెక్షన్‌లో గోప్యతను రోగి హక్కుగా గుర్తించింది. ప్రాణాపాయం, ఇతరులకు హాని, కోర్టు ఆదేశం వంటి సందర్భాలకు మినహాయింపు ఇచ్చింది. అప్పుడూ అవసరమైనంతే చెప్పాలి. పిల్లలపై లైంగిక నేరం జరిగిందని తెలిస్తే మాత్రం పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి.

ఈ హద్దులను కౌన్సెలర్ మొదటి రోజే వివరించాలి. మానసిక సాయం కావలసినవారు టెలీ మానస్ ఉచిత నంబరు 14416కు ఫోన్ చేయవచ్చు.