దీపం వెలిగితే చాలదు

ఇల్లు కట్టించుకునేవారు ఇటుక గట్టిదనాన్ని, సిమెంటు నాణ్యతను, తలుపుల చెక్కను ఎంతో శ్రద్ధగా పరిశీలిస్తారు. విద్యుత్తు వైరింగ్ విషయానికి వచ్చేసరికి మాత్రం మనలో చాలామంది ఒకే ఒక్క పరీక్షతో తృప్తి పడతారు. స్విచ్ నొక్కగానే దీపం వెలిగిందా, లేదా? వెలిగితే పనివానికి కూలి చెల్లించి ఆ సంగతి మరచిపోతాము. అయితే తప్పుగా అమర్చిన తీగలతోనూ దీపం అంతే కాంతితో వెలుగుతుంది. ప్రతి కుటుంబమూ గ్రహించవలసిన సత్యమిది. మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె వంటి నెల్లూరు తీర గ్రామాలలో, నిత్యం ఉప్పుగాలి వీచే ఇళ్లలో, దీని అవసరం మరింత ఎక్కువ.

స్విచ్ ఏ తీగపై ఉండాలి?

మన ఇళ్లకు 230 వోల్టుల సరఫరా ఫేజ్, న్యూట్రల్ అనే రెండు తీగల ద్వారా అందుతుంది. రెండూ కలిసినప్పుడే దీపం వెలుగుతుంది. వాటిలో దేనిని స్విచ్‌తో విడదీసినా దీపం ఆరిపోతుంది. చూసే కంటికి ఇందులో తేడా కనిపించదు. కాని తాకే చేతికి ప్రాణాంతకమైన తేడా ఉన్నది. స్విచ్ ఫేజ్ తీగపై ఉంటే, దానిని ఆపగానే హోల్డర్‌కు విద్యుత్తు అందదు. న్యూట్రల్‌పై ఉంటే, దీపం ఆరిన తరువాత కూడా హోల్డర్‌లో 230 వోల్టులు నిలిచే ఉంటాయి. పండుగకు ముందు బూజు దులుపుతూ, స్టూలెక్కి బల్బు మార్చే ఇల్లాలు "స్విచ్ ఆపాను కదా" అన్న ధీమాతోనే చెయ్యి చాపుతుంది.

నిద్రించే ముందు దీపాలు ఆర్పివేయాలని దైవప్రవక్త (స) బోధించిన విషయం మనందరికీ తెలిసినదే. నూనె దీపాల కాలంలో దీపం ఆరితే అపాయమూ తొలగేది. నేటి దీపానికి ఆ మాట వర్తించాలంటే స్విచ్ ఫేజ్ తీగపైనే ఉండాలి.

స్విచ్ ఆపిన తరువాత ఎల్‌ఈడీ బల్బు మసకగా మిణుకుతూ ఉంటే దానిని పరిశీలింపజేయండి. స్విచ్‌లోని చిన్న ఎర్ర సూచిక దీపం వల్ల కూడా ఇలా జరగవచ్చు. అది లేనిచోట న్యూట్రల్‌పై స్విచ్ ఉన్నదేమోనని అనుమానించాలి.

మెట్ల వద్ద కింద ఒకటి, పైన ఒకటి అమర్చే టూవే స్విచ్‌ల విషయంలోనూ ఇదే సూత్రం. ఫేజ్ మొదటి స్విచ్‌కు రావాలి. రెండు స్విచ్‌ల నడుమ రెండు తీగలు సాగాలి. రెండవ స్విచ్ నుండి దీపానికి ఒక తీగ వెళ్లాలి. న్యూట్రల్ నేరుగా దీపానికే చేరాలి. తీగ ఆదా చేయడానికి కొందరు రెండు స్విచ్‌లకూ ఫేజ్‌ను, న్యూట్రల్‌ను కలుపుతారు. అటువంటి అమరికలో ఆరిన దీపపు రెండు కొనలూ ఫేజ్‌లోనే ఉండే అవకాశం ఉన్నది. దానిని ఎంతమాత్రమూ అంగీకరించరాదు.

ఉప్పుగాలి చేసే పని

ఉప్పు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. స్విచ్ బోర్డులలో, హోల్డర్లలో పేరుకున్న ఉప్పు తడిసినప్పుడు, విద్యుత్తు పోరాని చోటికి పాకేందుకు దారి ఏర్పడుతుంది. ఇనుప మరలు తుప్పు పడతాయి. రాగి కొనలు పచ్చబారుతాయి. బిగింపు వదులై వేడెక్కుతుంది. పాత పెంకుటిళ్లలో చెక్క బద్దీలపై క్లిప్పులతో బిగించిన తీగలు ఇంకా ఉంటే, వాటిని మార్పించడం మేలు. నేడు వాడే పీవీసీ పైపు తుప్పు పట్టదు. అయినా గోడ పూతకు ఉప్పు ఇసుక వాడితే లోపల అమర్చిన బోర్డు పెట్టెలకు చెమ్మ తప్పదు.

అందుచేత తీరప్రాంతంలో అతుకులు ఎంత తక్కువగా ఉంటే అంత మంచిది. ఫేజ్ తీగను స్విచ్ నుండి స్విచ్‌కు, న్యూట్రల్‌ను దీపం నుండి దీపానికి తెగకుండా తీసుకువెళ్లే లూపింగ్ పద్ధతి ఇందుకు అనువైనది. పైపు లోపల తీగలను మెలిపెట్టి టేపు చుట్టడాన్ని అనుమతించవద్దు. దీపాల సర్క్యూట్‌కు 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వాడాలి. ఒక్కొక్క సర్క్యూట్‌పై 10 పాయింట్లు, 800 వాట్లు మించకుండా చూడడం మన దేశంలో చాలాకాలంగా పాటిస్తున్న కొలత. ఫేజ్‌కు ఎరుపు, పసుపు లేదా నీలం, న్యూట్రల్‌కు నలుపు, ఎర్త్‌కు ఆకుపచ్చ. ఈ రంగులు పాటిస్తే రేపు మరమ్మతుకు వచ్చేవాని ప్రాణానికీ రక్షణ లభిస్తుంది.

ప్రాణరక్షణకు రెండు ఏర్పాట్లు

మొదటిది ఎర్తింగ్. తీరంలో పైపొర ఇసుక ఎండి ఉంటుంది; లోపలి నీరు ఉప్పగా ఉంటుంది. ఎర్త్ గుంత తేమ తగిలే లోతు వరకు ఉండాలి; వేసవిలో నీరు పోస్తూ ఉండాలి. ఇనుప పైపు, దాని బిగింపు త్వరగా తుప్పు పడతాయి కనుక రాగిపూత కడ్డీ మేలు. ఏడాదికొకసారి బిగింపును పరిశీలించాలి.

రెండవది ఆర్‌సీసీబీ. "ఎంసీబీ ఉన్నది కదా" అని కొందరంటారు. 6 ఆంపియర్ల ఎంసీబీ తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. దానిలో రెండువందలో వంతు, అంటే 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు శరీరం గుండా ప్రవహించినా ప్రమాదమే. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ అంతటి స్వల్పమైన లీకేజీకే సెకనులో మూడవ వంతు లోపల సరఫరాను నిలిపివేస్తుంది. వుజూ చేసే తడి చేతులు, మోటారు స్విచ్, స్నానాల గది ఉన్న ప్రతి ఇంటికీ ఇది అవసరం. దానిపై ఉన్న టెస్ట్ మీటను నెలకొకసారి నొక్కి చూడాలి. అయితే ఫేజ్‌ను, న్యూట్రల్‌ను ఏకకాలంలో తాకినవారిని అది కాపాడలేదని మరువరాదు.

ఈ తీరానికి తుఫానులు కొత్త కాదు. 1989 నవంబరులో గే తుఫాను కావలి వద్ద తీరం దాటింది. 2015 నవంబరు వర్షాలు జిల్లాను ముంచెత్తాయి. నీరు ఇంట్లోకి రాకమునుపే మెయిన్ స్విచ్ ఆపాలి. మెయిన్ వద్దకు అప్పటికే నీరు చేరితే దాని జోలికి పోక విద్యుత్ సిబ్బందికి తెలియజేయాలి. నీరు తీసిన తరువాత మునిగిన బోర్డులను విప్పి, ఉప్పు కడిగి, ఆరబెట్టి, పాడైన స్విచ్‌లను మార్చి, పర్మిట్ ఉన్న వైర్‌మన్ ఇన్సులేషన్ పరీక్షించిన మీదటనే సరఫరా ఇవ్వాలి.

గోడలో దాగిన తీగ ఒక అమానతు. పూత పూసిన తరువాత దానిని ఎవరూ చూడలేరు. వైరింగ్ పనిలో ఉన్న మన యువకులు ఈ బాధ్యతను గుర్తుంచుకోవాలి. గృహస్థులు కూడా బేరంలో తగ్గించిన నాలుగు రూపాయలను పనివాడు తీగలోనే తగ్గించుకునే పరిస్థితి కల్పించరాదు. పూతకు ముందే పైపుల దారిని ఫోటో తీసి ఉంచండి. పని ముగిసిన రోజున, కూలి చెల్లించే ముందు, ప్రతి స్విచ్‌నూ ఆపించి హోల్డర్‌లో ఫేజ్ లేదని వైర్‌మన్ చేతనే పరీక్షింపజేయండి. దీపం వెలగడాన్ని అందరూ చూస్తారు. అది సరిగా ఆరిందో లేదో కూడా చూసిన తరువాతనే ఇంట కాపురం పెట్టండి.