బాలల దృశ్యరచన: బాపు రమణల మార్గము

కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల బాలురు తండ్రిని ‘బాపు’ అని పిలుచుట కలదు. ఉత్తర తెలంగాణమున నిది యింటింట వినవచ్చు మాట. నరసాపురమున 1933 డిసెంబరు 15వ తేదీన జన్మించిన సత్తిరాజు లక్ష్మీనారాయణ తన బొమ్మల క్రింద వ్రాసికొన్న పేరును నదియే. ఒకచోట నది చిత్రకారుని పేరు. మఱియొకచోట సాయంకాలము పొలమునుండి వచ్చు తండ్రికి పిలుపు. తెలుగు బాలలకొఱకు తెరమీది రచన సేయువారి కెదురగు చిక్కంతయు నీ రెండక్షరములలో నిమిడియున్నది. అందఱును దెలుగు బాలలే. అందఱి యిండ్లలోను నొకే తెలుగు లేదు.

ఈ చిక్కును విచారించుటకు బాపు, ముళ్ళపూడి వెంకటరమణల కృషి మిక్కిలి తగిన యుదాహరణము. రమణ 1931 జూన్ 28న ధవళేశ్వరమున జన్మించెను. ఇరువురును మదరాసున బాల్యమిత్రులు. రేడియో అన్నయ్యగా ప్రసిద్ధుడైన న్యాయపతి రాఘవరావు నడపిన ‘బాల’ పత్రికలో 1945లో రమణ తొలికథ యచ్చయ్యెను. అనగా వీరు బాలలకొఱకు వ్రాయుట పెద్దలైన పిమ్మట నేర్చిన విద్య గాదు. తాము బాలురై యున్ననాడే మొదలిడినది. 1967లో ‘సాక్షి’తో బాపు చలనచిత్ర దర్శకుడయ్యెను. రమణ యంతకు మునుపే చిత్రములకు సంభాషణలు వ్రాయుచుండెను. వారి చిత్రములన్నిటిని బేర్కొనుట యిచట ననవసరము.

ఆంధ్ర సచిత్ర వారపత్రికలో 1956-57 ప్రాంతమున వెలువడిన ‘బుడుగు’ను మాత్రము విడువరాదు. బుడుగు మాటలలో వ్యాకరణము తప్పినను బాలుని తర్కము తప్పదు. రమణ యా తర్కమును బట్టుకొనెను. బాపు బొమ్మలు దానికి సగము పలుకులైనవి. అయినను నా భాష యొక లోగిలి భాష. అందు ‘బామ్మ’ కలదు, ‘బాబాయి’ కలడు. ఎల్లారెడ్డి బాలునికి బాబాయి యనగా జదువులో విన్న మాట; వాని యింట నున్నవాడు ‘చిన్నాయన’, లేదా ‘కాక’. పుస్తకమున నిది దోషము గాదు. పాఠకుడు పుట నాపి యాలోచింపవచ్చును, ప్రక్కవాని నడుగవచ్చును. తెర యట్లు నిలువదు. మాట తెలియునంతలో బొమ్మ మాఱిపోవును.

1970లో వీరు తీసిన ‘బాలరాజు కథ’లో నాయకుడు మహాబలిపురమున యాత్రికులకు శిల్పములను జూపి వివరించు బాలుడు. వాని వృత్తిని గమనింపవలెను. ముందు శిల్పము కనబడును, పిదప బాలుని మాట వినబడును. బాలల దృశ్యరచనకు మూలసూత్ర మిందే యున్నదని చెప్పవచ్చును. బాపు చిత్రీకరణమునకు ముందే దృశ్యములను బొమ్మలుగా గీసికొనెడివాడు. కథ కాగితముపై దొలుత బొమ్మలుగా గుదిరిన పిమ్మట మాటకు మిగులు చోటు స్వల్పము. రమణవంటి మాటకారి యా స్వల్పమైన చోటుతో దృప్తిపడుట సామాన్యము గాదు.

1980ల దశకమున నందమూరి తారక రామారావు ముఖ్యమంత్రిగా నున్నప్పుడు, ఆయన కోరికపై వీరు పాఠశాలల బాలలకొఱకు వీడియో పాఠములను రూపొందించిరి. భారతదేశమున దూరదర్శనము ద్వారా పల్లె బాలలకు బాఠములు చెప్పుట యంతకు మునుపే పరీక్షింపబడినది: 1975 ఆగస్టు 1 మొదలు 1976 జూలై 31 వఱకు, ఉపగ్రహ సాయమున, 6 రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములలో. వీడియో పాఠముల నాటికి గామారెడ్డి, ఎల్లారెడ్డి నిజామాబాదు జిల్లాలోనివి; రాష్ట్రము శ్రీకాకుళము మొదలు ఆదిలాబాదు వఱకు నొక్కటియే. అట్టి రాష్ట్రమునకు ఒకే పాఠము వ్రాయువాడు ఎవరి మాటతో వ్రాయవలెను?

ఒక యుదాహరణము. చెఱువు నిండి మిగులు నీరు కట్టకొమ్మున దాటి పాఱుచోటును గామారెడ్డి సీమలో ‘మత్తడి’ యందురు. వానలు ముదిరినప్పుడు ‘మత్తడి దుంకుచున్న’దని బాలురు చూడబోవుదురు. నిఘంటువులోని ‘కలుజు’ అను మాట వారికి గొత్త. పాఠము ‘కలుజు’తో మొదలైనచో బాలుడు తానెఱిగిన వస్తువునే యెఱుగనివాడగును. మంజీరపై 1931లో ముగిసిన నిజాంసాగరమునకు సమీపమున బెరిగి, కాలువలో నీదులాడినవాడు నీటిపాఠములో వెనుకబడుట వాని లోపము గాదు. అదే పాఠము దుముకు నీటిని ముందు జూపినచో వాడు ‘మత్తడి’ యని తానే కేక వేయును. అపుడు పండితుడు ‘కలుజు’ అను మాటను జేర్చినను నష్టము లేదు. వానికి రెండు మాటలు దక్కును. ముందటి పద్ధతిలో నున్నదియు బోవును.

మాండలికమునే పలికించిన జాలునను వాదము కలదు. అది సగము సత్యము. కామారెడ్డి మాటలతో వ్రాసిన పాఠము నరసాపురమున నదే చిక్కు దెచ్చును. బొమ్మ ముందుండవలె ననుట మాండలికమును గప్పిపుచ్చుటకు గాదు, ప్రతి యూరి మాటకును జోటు విడుచుటకే.

2016 అక్టోబరు 11న కామారెడ్డి ప్రత్యేక జిల్లా యైనది. ఎల్లారెడ్డి యందొక రెవెన్యూ డివిజను. 2020లో మహమ్మారివలన బడులు మూతపడగా, సెప్టెంబరు 1 నుండి తెలంగాణ ప్రభుత్వము దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ప్రసారముల ద్వారా పాఠములు చెప్పించెను. వీడియో పాఠములనాటి ప్రశ్న యీసారి యింటింట దెర యెదుట నిలిచినది. నల్లబల్లయొద్ద నిలిచిన యుపాధ్యాయుని యట్లే తెరపై నిలుపుట ప్రసారమగును గాని దృశ్యరచన గాదు. బడిలో బాలుడు మొగము ముడిచినచో నుపాధ్యాయుడు మఱియొక మాట వెదకును. తెరలోనివానికి నా మొగము కనబడదు. ఎల్లారెడ్డి ప్రాంతపు తండాలలో నింట లంబాడీ మాటలాడు బాలికకు ‘మత్తడి’ సైతము బడిలోనో యంగడిలోనో నేర్చిన మాట. ఆ బాలిక తెరపై దొలుత గుర్తింపగలది దుముకు నీరే.